విశాఖ తీరం: పాఠకుల ప్రశ్నలు, మా సమాధానాలు

విశాఖపట్నం ప్రయాణం మీద ఈ నెల వచ్చిన ఉత్తరాలన్నీ ముందు పెట్టుకుని చూస్తే, అడిగినవారి ఊళ్లు వేరైనా సందేహాలు మూడు నాలుగింటి చుట్టూనే తిరుగుతున్నాయి. సముద్రంలో ఎక్కడ దిగాలి, చేపల వేట ఎలా చూడాలి, బీచ్ వదిలితే ఊళ్లో ఇంకేముంది అన్నవే వాటిలో ముఖ్యమైనవి. హోటళ్ల పేర్లు, గది అద్దెలు అడిగినవారు క్షమించాలి. అవి ఈ సంచిక మీ చేతికి వచ్చేలోగానే మారిపోతాయి. మిగిలినవారు చాలామంది ఎక్కడికి వెళ్లాలని అడిగారు గానీ ఎప్పుడు వెళ్లాలని అడగలేదు. విశాఖలో ఆ రెండో ప్రశ్నే ముఖ్యమైనది కాబట్టి, సమాధానాల్లో నెలలూ వేళలూ కాస్త ఎక్కువగానే కనిపిస్తాయి.

ప్రశ్న: పిల్లలతో కలిసి దసరా సెలవులకు విశాఖ వెళ్తున్నాం. ఆర్కే బీచ్‌లో స్నానం ప్రమాదమని కొందరు, ప్రతి ఏడూ వేలమంది చేస్తున్నారు, ఏమీ కాదని కొందరు అంటున్నారు. ఎవరి మాట నమ్మాలి? (కరీంనగర్ నుంచి ఒక పాఠకురాలు)

సమాధానం: ఆర్కే బీచ్‌లో పాదాలు తడుపుకోండి, స్నానానికి దిగకండి. ఇందులో రెండో మాట లేదు. ఆ తీరం పైకి చదునుగా కనిపించినా, అలలు విరిగే చోటు దాటగానే ఇసుక ఒక్కసారిగా కిందికి జారుతుంది. మోకాలి లోతులో నిలబడిన మనిషి, వచ్చిన అల వెనక్కు మళ్లేసరికి నడుము దాటిన నీటిలో ఉంటాడు. కొన్నిచోట్ల ఆ నీటి కింద రాళ్లు కూడా ఉన్నాయి.

అంతకన్నా పెద్ద ప్రమాదం వెనక్కు లాగే పాయలది. అలలతో ఒడ్డుకు వచ్చిన నీరంతా ఏదో ఒక దారిన మళ్లీ సముద్రంలోకి పోవాలి కదా. నీటి కింద ఇసుక మేటల మధ్య పల్లంగా ఉన్న చోటు వెతుక్కుని, అది సన్నని పాయగా కూడి, మంచి ఈతగాడు కూడా ఎదురీదలేనంత వేగంతో లోపలికి పోతుంది. ఆ పాయ ఉన్న చోట అలలు సరిగా విరగవు, నురగ తక్కువగా ఉంటుంది, నీరు కాస్త మట్టిరంగులో కనిపిస్తుంది. అటూ ఇటూ అలలు ఎగిసిపడుతుంటే మధ్యలో అక్కడ మాత్రం నిమ్మళంగా ఉండడం చూసి, పిల్లలను తెచ్చినవారు సరిగ్గా అక్కడే దిగుతారు. పొరపాటున చిక్కుకుంటే ఒడ్డు వైపు ఈదడానికి పెనుగులాడకూడదు. బలం అంతా దానికే అయిపోతుంది. పాయ వెడల్పు తక్కువ కాబట్టి తీరానికి సమాంతరంగా పక్కకు ఈది బయటపడాలి, అది చేతకాకపోతే వెల్లకిలా తేలుతూ చెయ్యెత్తి కేకలు వేయాలి. ఒకరిని కాపాడబోయి వెంట మరో ఇద్దరు మునిగిపోయిన వార్తలు మనం చదువుతూనే ఉన్నాం. ఒడ్డున ఉన్నవారు నీటిలోకి దూకకుండా తేలే వస్తువు ఏదైనా విసరాలి, లైఫ్‌గార్డును పిలవాలి.

నిరుడు మా బంధువులు ఇక్కడే మునిగి లేచారన్న ధీమా కూడా పనికిరాదు, ఎందుకంటే ఆ తీరం ఏటా ఒకేలా ఉండదు. ఏడాదిలో ఎక్కువ నెలలు ఈ తీరం వెంబడి ఇసుక దక్షిణం నుంచి ఉత్తరానికి కొట్టుకుపోతూ ఉంటుంది. 1933లో ప్రారంభమైన ఓడరేవు ముఖద్వారాన్ని ఆ ఇసుక పూడ్చేయకుండా, కట్టేటప్పుడే రెండు పాత ఓడలను రాళ్లతో నింపి ముంచి అడ్డుకట్ట వేశారు. 1970లలో బయటి ఓడరేవు వచ్చాక అడ్డుగోడలు ఇంకా పెరిగాయి. దాంతో ఇసుక దక్షిణం వైపే ఆగిపోయి, ఉత్తరాన ఉన్న ఆర్కే బీచ్‌కు సహజంగా రావలసిన వాటా రావడం లేదు. ఓడరేవువారు తవ్వి తీసిన ఇసుకను తెచ్చి ఈ తీరాన పోస్తుంటారు, సముద్రం దాన్ని మళ్లీ తీసుకుపోతుంటుంది. 2014 అక్టోబరు 12న హుద్‌హుద్ తుపాను సరిగ్గా విశాఖ మీదే తీరం దాటినప్పుడు బీచ్ రోడ్డు ఎంత కోసుకుపోయిందో అప్పటి ఫొటోలు చూసినవారికి గుర్తుండే ఉంటుంది.

పిల్లలు తప్పకుండా నీళ్లలో ఆడాలంటే రుషికొండకు వెళ్లండి. 2020లో బ్లూ ఫ్లాగ్ గుర్తింపు పొందిన తీరం అది. ఆ గుర్తింపు ఇవ్వాలంటే స్నానానికి హద్దులు గుర్తించి ఉండాలి, లైఫ్‌గార్డులు ఉండాలి, నీటి నాణ్యత పరీక్షించాలి. అక్కడైనా ఆ హద్దుల లోపలే, లైఫ్‌గార్డు ఉన్న వేళలోనే దిగాలి. యారాడ చూడడానికి వీటన్నిటికన్నా అందమైనది, మూడు వైపులా కొండలు, నాలుగో వైపు సముద్రం. కానీ స్నానానికి అది కూడా మంచిది కాదు. మీరు వెళ్లేది దసరాకు అన్నారు కాబట్టి ఇంకొక్క మాట. అక్టోబరు, నవంబరు ఇక్కడ తుపానుల కాలం. హైదరాబాద్‌లోని భారత జాతీయ సముద్ర సమాచార సేవా కేంద్రం, అంటే ఇన్‌కాయిస్, అలల ఎత్తు మీద ముందస్తు హెచ్చరికలు ఇస్తుంది. బయలుదేరే ముందు ఒకసారి అవి చూసుకోండి.

ప్రశ్న: సముద్రంలో సూర్యాస్తమయం చూడడానికి విశాఖలో ఏ బీచ్ బాగుంటుంది? (ఖమ్మం)

సమాధానం: ఏదీ బాగుండదు, ఎందుకంటే మనది తూర్పు తీరం. సూర్యుడు ఊరి వెనక కొండల్లో అస్తమిస్తాడు. సముద్రంలోంచి ఉదయించడం చూడాలంటే జూన్‌లో అయిదున్నరకు ముందే, జనవరిలో ఆరున్నర ప్రాంతంలో ఒడ్డున ఉండాలి. తెల్లవారుజామున ఆర్కే బీచ్ రోడ్డు మీద కొంతసేపు వాహనాలను ఆపేస్తారు కాబట్టి ఊరివాళ్లంతా నడకకు వచ్చేది ఆ వేళకే. సాయంత్రం జనసమ్మర్దం చూసి విశాఖ ఇంతేనా అని నిట్టూర్చినవారు, అదే చోటును ఉదయం ఆరింటికి చూసి మాట మార్చుకుంటారు. సాయంత్రమే కావాలంటే పౌర్ణమి నాడు వెళ్లండి. వెనక సూర్యుడు దిగుతుండగా ఎదుట నీటిలోంచి చంద్రుడు పైకి వస్తాడు. పడమటి తీరంలో ఎంత డబ్బు పెట్టినా ఆ వేళకు ఆ దృశ్యం దొరకదు.

ప్రశ్న: నాకు గాలం వేయడం సరదా. మత్స్యకారుల పడవలో వేటకు వెళ్లాలని ఎన్నాళ్లుగానో కోరిక. డబ్బిస్తే తీసుకెళ్తారా? ఏ నెలలో రావాలి? (బెంగళూరులో ఉంటున్న తెలుగు పాఠకుడు)

సమాధానం: మీ కోరిక మంచిదే గానీ డబ్బిచ్చి ఎక్కే ఆలోచన మానుకోండి. వేట పడవలకు ప్రయాణికులను ఎక్కించుకునే అనుమతి ఉండదు. పైగా విశాఖ తూర్పు నౌకాదళ ప్రధాన స్థావరం. 2008 ముంబయి దాడుల తర్వాత తీర భద్రత బిగించి, మత్స్యకారులకు వేలిముద్రలతో గుర్తింపు కార్డులు ఇచ్చి, పడవలకు నంబర్లు వేశారు. మధ్యలో తనిఖీ జరిగితే మీరు ఏదో సర్దిచెప్పుకుని బయటపడతారు, పడవ యజమాని జీవనోపాధి మాత్రం చిక్కుల్లో పడుతుంది. సముద్రం మీద తిరగడమే కావాలంటే అనుమతి ఉన్న విహార పడవలు ఉన్నాయి, లైఫ్ జాకెట్ ఇచ్చేవాటిలోనే ఎక్కండి.

ఇక నెల సంగతి. తూర్పు తీరంలో ఏటా ఏప్రిల్ 15 నుంచి జూన్ 14 వరకు 61 రోజులు వేట నిషేధం ఉంటుంది. చేపలు గుడ్లు పెట్టే కాలమని ఈ విరామం పెట్టారు. మరపడవలు, ఇంజిన్ బిగించిన పడవలు కదలవు. ఇంజిన్ లేని సంప్రదాయ తెప్పలకు మాత్రమే మినహాయింపు ఉంది. ఆ రెండు నెలలూ పూట గడవడానికి ప్రభుత్వం ఇచ్చే భృతిని 2025లో కుటుంబానికి 20,000 రూపాయలు చేశారు. వేసవి సెలవులకు వచ్చేవారిలో చాలామంది ఈ సంగతి తెలియక ఫిషింగ్ హార్బర్‌కు వెళ్లి, వందల పడవలు పక్కపక్కన కట్టేసి ఉండడం చూసి నిరాశపడతారు. నన్నడిగితే అది కూడా చూడదగ్గదే. వలలు పరిచి చిరుగులు అల్లుకునేవారు, పడవలకు రంగులు వేసేవారు, ఇంజిన్లు విప్పి బాగుచేసేవారు ఆ రోజుల్లోనే తీరికగా మాట్లాడతారు. వేట జోరు చూడాలంటే మాత్రం డిసెంబరు నుంచి మార్చి వరకు రండి. ఎండ తక్కువ, సముద్రం కూడా కాస్త నెమ్మదిగా ఉంటుంది.

హార్బర్‌కు తెల్లవారకముందే చేరుకోవాలి. తొమ్మిదింటికి టిఫిన్ చేసి తీరుబడిగా వెళ్తే అక్కడ తడి నేల, కాకులు, గద్దలు మిగిలి ఉంటాయి. ఊళ్లో సోనా బోట్లని పిలిచే రొయ్యల మరపడవలు రోజుల తరబడి సముద్రంలో ఉండి ఒడ్డు చేరతాయి. పడవ నడిపే సరంగు దాన్ని గోడకు ఆనించగానే కళాసీలు, అంటే పడవలోని పనివారు, లోపలి ఐసు గదుల్లోంచి సరుకును బుట్టలకు ఎత్తి పైకి అందిస్తారు. రొయ్యలు ఒకవైపు, చందువలు ఒకవైపు, పేరు లేని చిల్లర చేప మరోవైపు కుప్పలు పడతాయి. ఆ వెంటనే పాట మొదలవుతుంది. పాటంటే వేలం. రెండు మూడు మాటల్లో ధర పలికి, తలలు ఊపి, కుప్ప ఎవరిదో తేలిపోవడానికి ఒక నిమిషం కూడా పట్టదు. కొత్తవారికి ఎవరు పాడారో, ఎవరు కొన్నారో కూడా అర్థం కాదు. కొనేవారిలో ఆడవారే ఎక్కువగా కనిపిస్తారు. అప్పు తెచ్చిన డబ్బుతో తట్ట నింపుకుని, పైన గుప్పెడు ఐసు చల్లి, ఆటోలో నలుగురూ కలిసి ఊళ్లోని వీధులకు బయలుదేరే ఆ అమ్మలే విశాఖ వంటిళ్లకు చేపను చేరుస్తున్నది. వారి దారికి అడ్డం నిలబడకండి, అడగకుండా ముఖాల మీదికి ఫోన్ పెట్టకండి. జారని చెప్పులు వేసుకోండి, ముక్కు మూసుకోకండి. 2023 నవంబరులో ఇక్కడ జరిగిన అగ్నిప్రమాదంలో పదుల సంఖ్యలో పడవలు కాలిపోయాయి. అది ఇంకా చాలామంది మనసుల్లో పచ్చిగానే ఉంది కాబట్టి కాలక్షేపానికి కెలకవలసిన విషయం కాదు.

వేటను కళ్లారా చూడడానికి పడవ ఎక్కనక్కర్లేని దారి ఒకటుంది. పెదజాలరిపేట నుంచి మంగమారిపేట, చేపలుప్పాడ వరకు ఉన్న మత్స్యకార గ్రామాల ఒడ్డున, సముద్రం నెమ్మదిగా ఉన్న రోజుల్లో పెద్దవల లాగుతారు. ఒక కొస తాడు ఒడ్డునే ఉంచి, పడవ మీద వలను అర్ధచంద్రాకారంలో జారవిడుచుకుంటూ వెళ్లి, రెండో కొసను కొంత దూరంలో ఒడ్డుకు తెస్తారు. ఆ తర్వాత రెండు జట్లు రెండు తాళ్లను పట్టుకుని, అడుగు మీద అడుగు వెనక్కు వేస్తూ, ఒకరి పదానికి మిగిలినవారు వంత పాడుతూ, క్రమంగా ఒకదానికొకటి దగ్గరవుతూ లాగుతారు. వల సంచి ఒడ్డుకు చేరడానికి గంటకు పైగానే పట్టవచ్చు. ఒక్కోసారి అంత కష్టానికీ రెండు బుట్టల చిన్న చేప తప్ప పడదు. పడినదాన్ని వలకు, పడవకు, లాగిన చేతులకు వాటాలు వేసుకుంటారు. అడిగితే తాడు మీకూ అందిస్తారు. అయితే వల మీద కాలు వేయకూడదు, చెప్పులతో పడవలోకి ఎక్కకూడదు. ఆ రెండూ వారికి అన్నం పెట్టేవి.

మీ గాలం విషయానికి వస్తే, భీమిలి వైపు ఒడ్డున స్థానికులు చేతితాడుతో వేసే చోట్లు చూసి, వారిని అడిగి, వారి పక్కనే వేసుకోండి. ఓడరేవు, నౌకాదళం, హార్బర్ ముఖద్వారం దగ్గరికి గాలం పట్టుకుని వెళ్లకండి. నైరుతి గాలులు బలంగా ఉండే నెలల్లో నాచు పట్టిన బండల మీద నిలబడకండి. తెగిన నైలాన్ తాడును ఒడ్డున వదిలేయకండి. ఎందుకో తర్వాతి సమాధానంలో తెలుస్తుంది.

ప్రశ్న: విశాఖ తీరంలో తాబేళ్లు గుడ్లు పెట్టడం చూడవచ్చని విన్నాం. రాత్రి ఏ బీచ్‌కు వెళ్లాలి? (తిరుపతి)

సమాధానం: రాత్రి టార్చిలైట్లు పట్టుకుని వెతకడానికి వెళ్లవద్దు. ఆలివ్ రిడ్లే తాబేళ్లు జనవరి నుంచి ఏప్రిల్ వరకు చీకట్లో ఒడ్డెక్కి, ఇసుకలో గొయ్యి తీసి నూరుకు పైగా గుడ్లు పెట్టి వెళ్లిపోతాయి. వెలుగు, అలికిడి తగిలితే గుడ్లు పెట్టకుండానే వెనక్కు మళ్లుతాయి. అటవీ శాఖవారు ఆ గుడ్లను సేకరించి కంచె వేసిన ఇసుకలో పాతిపెడతారు. 45 నుంచి 60 రోజుల్లో పిల్లలు బయటికి వస్తాయి. వాటిని సముద్రంలో వదిలే కార్యక్రమం ఉన్నప్పుడు సందర్శకులు దూరం నుంచి చూడవచ్చు. అందుకోసం అటవీ శాఖ కార్యాలయంలో ముందుగా అడిగి తెలుసుకోండి. వలల్లో, తెగిన తాళ్లలో చిక్కుకుని చనిపోయిన పెద్ద తాబేళ్లు ఇదే నెలల్లో ఒడ్డుకు కొట్టుకొస్తుంటాయి. పై సమాధానంలో నైలాన్ తాడు మాట ఎత్తింది అందుకే.

ప్రశ్న: హోటల్ మెనూలో చేపల పేర్లు మాకు అర్థం కావు. విశాఖలో ఏ చేప తినాలి? పులస దొరుకుతుందా? (నిజామాబాద్)

సమాధానం: పులసను ఇక్కడ అడగకండి. అది వరదనీటికి ఎదురీది గోదావరిలోకి వచ్చే చేప, దాని కోసం వానాకాలంలో గోదావరి జిల్లాలకే వెళ్లాలి. విశాఖలో పెద్ద పేరు కోనెం చేపది. మీ వైపు హోటళ్లలో వంజరం అని రాసేది ఇదే. ముళ్లు తక్కువ కాబట్టి ముక్కలుగా కోసి వేపుడు చేస్తారు. పిల్లలకు, కొత్తగా చేప తినేవారికి అదీ, మెనూలో పాంఫ్రెట్ అని కనిపించే చందువా సుఖం. అయితే ఖరీదైనదే రుచి అనుకుంటే నష్టపోతారు. కవ్వళ్లు, కానగంతలు, నెత్తళ్లు చవకైన చేపలు. మత్స్యకారుల ఇళ్లలో రోజూ ఉడికేవి ఇవే. కానగంతలను చింతపండు పులుసులో పెట్టి ఒక పూట ఆగి తింటే కోనెం గుర్తుకు రాదు. నెత్తళ్లను తలలు తీసి కారం పట్టించి కరకరలాడేలా వేయిస్తారు, పప్పుచారులోకి అంతకన్నా మంచి జత లేదు. పెద్ద హోటళ్లలో ఇవి తరచుగా ఉండవు. మధ్యాహ్నం భోజనం పెట్టే చిన్న మెస్సుల్లో దొరుకుతాయి.

మార్కెట్‌లో కొని వండించుకునేవారు ధర అడిగే ముందు చేపను చూడండి. కన్ను ఉబ్బి తేటగా ఉండాలి, లోపలికి పోయి తెల్లబడితే వదిలేయాలి. మొప్పల మీది రెక్క ఎత్తితే లోపల ఎర్రగా ఉండాలి. వేలితో నొక్కిన గుంట వెంటనే పూడుకోవాలి. తాజా చేపకు సముద్రపు వాసన ఉంటుంది గానీ కంపు ఉండదు. వేట నిషేధం రోజుల్లో మీ కంచంలోకి వచ్చే పెద్ద చేప ఐసులో నిల్వ ఉన్నదో, వేరే తీరం నుంచి వచ్చినదో అయ్యే అవకాశం ఎక్కువ. ఆ రోజుల్లో చెరువు రొయ్యలతో సరిపెట్టుకోవడం తెలివైన పని.

ప్రశ్న: బీచ్‌లు అందరూ చూస్తారు. విశాఖకు తనదైన సంస్కృతి అంటూ ఏమైనా ఉందా, లేక అంతా కొత్త నగరమేనా? (గుంటూరు నుంచి ఒక ఉపాధ్యాయిని)

సమాధానం: మీ సందేహం న్యాయమైనదే. బీచ్ రోడ్డు, సిరిపురం, ఎంవీపీ కాలనీ చూసి తిరిగి వెళ్లేవారికి ఇది నిన్న మొన్న కట్టిన ఊరిలాగే కనిపిస్తుంది. అందుకే మొదటి రోజు ఉదయం పాత నగరానికి వెళ్లమంటాను. బురుజుపేటలో కనకమహాలక్ష్మి అమ్మవారి గుడికి గర్భాలయం పైకప్పు లేదు. అమ్మవారు ఎండావానల్లో ఆరుబయటే ఉంటారు, భక్తులు తమ చేతులతోనే పసుపు కుంకుమలు సమర్పించుకోవచ్చు. మార్గశిర మాసంలో, ముఖ్యంగా గురువారాలు, అక్కడ అర్ధరాత్రి నుంచే బారులు తీరతారు. అక్కడికి దగ్గరలోనే ఓడరేవు కాలువ అంచున వరసగా మూడు కొండలున్నాయి. ఒకదాని మీద వేంకటేశ్వరస్వామి గుడి, ఒకదాని మీద దర్గా, మూడోదైన రాస్ హిల్ మీద చర్చి. మూడింటి మెట్ల మీద నుంచీ కనిపించేది ఒకే ఓడల దారి. ఒక ఉదయం పూటలో మూడూ ఎక్కి దిగవచ్చు.

సింహాచలం వెళ్లకుండా విశాఖ చూశామనడం కుదరదు. వరాహ నరసింహస్వామి ఏడాది పొడవునా చందనపు పూతలో లింగాకారంలో కనిపిస్తారు. వైశాఖ శుద్ధ తదియ, అంటే అక్షయ తృతీయ నాడు మాత్రమే ఆ చందనం తీసి నిజరూప దర్శనం ఇస్తారు. ఆ రోజు రద్దీకి తట్టుకోలేమనుకుంటే మామూలు రోజున వెళ్లి శిల్పాన్నీ శాసనాలనూ తీరికగా చూడండి. శ్రీకృష్ణదేవరాయలు కళింగ జైత్రయాత్రలో 1516లో ఇక్కడికి వచ్చిన సంగతి ఆ శాసనాల్లో ఉంది. ఆషాఢ పౌర్ణమికి జరిగే గిరి ప్రదక్షిణ మరో తీరు పండుగ. కొండ చుట్టూ దాదాపు 32 కిలోమీటర్లు లక్షలమంది కాలినడకన తిరుగుతారు, దారిలో అప్పుఘర్ దగ్గర సముద్రస్నానం చేసి మళ్లీ నడక సాగిస్తారు. దారి పొడవునా మజ్జిగ, పులిహోర, అరటిపళ్లు పంచేవారు ఊరివాళ్లే. కొండ దేవుడికీ కడలికీ మధ్య ఈ ఊరు ఎలా నడుస్తుందో తెలుసుకోవడానికి ఆ ఒక్క రాత్రి చాలు.

పెద్దపండుగలు కుదరకపోతే బీచ్ రోడ్డులోని విశాఖ మ్యూజియం చూడండి. 1942 ఏప్రిల్ 6న జపాన్ విమానాలు ఈ ఊరి మీద వేసిన బాంబుల్లో ఒకదాని తొడుగు అక్కడ ఉంది. బొమ్మలంటే ఇష్టముంటే వరాహ నది ఒడ్డున ఉన్న ఏటికొప్పాకకు ఒక పూట కేటాయించండి. అంకుడు కర్రను మర మీద తిప్పుతూ, తిరుగుతున్న కర్రకే లక్క కడ్డీని ఆనించి రంగు ఎక్కించడం చూస్తే, ప్రదర్శనశాలలో ఆ బొమ్మ కొనడానికీ అక్కడ కొనడానికీ ఉన్న తేడా తెలుస్తుంది. 2017లో వాటికి భౌగోళిక గుర్తింపు వచ్చింది. దసరా దాటిన తర్వాతి మంగళవారం వరకు ఉండగలిగితే విజయనగరంలో పైడితల్లి సిరిమానోత్సవం చూసి మరీ వెళ్లండి.

ప్రశ్న: అమెరికా నుంచి వస్తున్నాం. డెబ్బై దాటిన అమ్మానాన్నలను ఒక్క రోజులో విశాఖ నుంచి భీమిలి వరకు తిప్పాలి. ఇద్దరికీ మోకాళ్ల నొప్పులు. ఏది చూపించాలి, ఏది వదిలేయాలి? (డాలస్)

సమాధానం: ముందు వదిలేయాల్సింది చెబుతాను. ఆర్కే బీచ్‌లోని కుర్సుర జలాంతర్గామి 1969 నుంచి 2001 వరకు నౌకాదళంలో పనిచేసి, 2002లో మ్యూజియంగా ఒడ్డెక్కింది. మీరు తప్పక చూడండి. కానీ లోపల ఒక గది నుంచి మరో గదికి వంగి, కాలెత్తి గుండ్రటి కంతల్లోంచి దాటాలి, పెద్దవారికి అది నరకం. వారిని ఎదుటి బెంచీ మీద కూర్చోబెట్టి కొబ్బరిబొండాలు కొట్టించి ఇవ్వండి.

భీమిలి రోడ్డు పొడవు సుమారు 30 కిలోమీటర్లు. బస్సులో వెళ్లేవారికి రైల్వే స్టేషన్ నుంచి 900కె ఉంది గానీ మీరు కారు మాట్లాడుకోండి, ఉదయం ఏడింటికల్లా బయలుదేరండి. సముద్రం దారి పొడవునా కుడిచేతి వైపే ఉంటుంది కాబట్టి అమ్మగారిని ఆ వైపు కూర్చోబెట్టండి. తెన్నేటి పార్కు దగ్గర 2020 అక్టోబరులో గాలివానకు కొట్టుకొచ్చి బండల్లో ఇరుక్కుపోయిన బంగ్లాదేశ్ సరుకు ఓడ గురించి డ్రైవరే చెబుతాడు. కైలాసగిరి, తొట్లకొండ రెండింటికీ పైదాకా కారు వెళ్తుంది. ఒక్కటే ఎంచుకోమంటే తొట్లకొండ అంటాను. రెండు వేల ఏళ్ల కిందటి బౌద్ధ విహారం పునాదులు, స్తూపం, వాననీరు పట్టడానికి రాతిలో తొలిచిన తొట్లు, కింద సముద్రం. తవ్వకాల్లో ఇక్కడ రోమన్ నాణేలు దొరికాయి. భిక్షువులు ఓడల రాకపోకలు కనిపించే కొండనే ఎంచుకున్నారని అక్కడ నిలబడితే ఎవరూ చెప్పకుండానే తెలుస్తుంది. ఎర్రమట్టి దిబ్బలను రోడ్డు వైపు నుంచి చూపించండి, లోపలి లోయల్లోకి దింపవద్దు. వేల ఏళ్లుగా గాలీ నీరూ పేర్చిన ఆ మట్టి మీద మనం జారినా ఎక్కినా దిబ్బ చెడిపోతుంది. భీమిలిలో డచ్చివారి సమాధుల తోట, దీపస్తంభం, గోస్తనీ నది సముద్రంలో కలిసే చోటు దగ్గరదగ్గరగానే ఉన్నాయి. నదీముఖం దగ్గర మాత్రం ఎవరూ నీటిలో దిగవద్దు. అక్కడి మామిడి తాండ్ర కొని, మధ్యాహ్నం ఎండ ముదరకముందే వెనక్కు తిరగండి.

ప్రశ్న: తిరుగు ప్రయాణంలో చేపలు హైదరాబాద్ తెచ్చుకోవచ్చా? (సికింద్రాబాద్)

సమాధానం: రాత్రి రైలుకు తెచ్చుకోవచ్చు. బయలుదేరే రోజు ఉదయమే కొని, పొట్ట శుభ్రం చేయించి, కడిగి, థర్మోకోల్ పెట్టెలో ఒక వరస నలగ్గొట్టిన ఐసు, ఒక వరస చేప పేర్పించి టేపు బిగించమంటే హార్బర్ దగ్గరే చేసి ఇస్తారు. మధ్యాహ్నం దాటాక ఒకసారి కరిగిన నీరు ఒంపించి కొత్త ఐసు వేయించాలి, ఈ పని మరిచిపోయేవారే ఎక్కువ. కారిన నీరు పెట్టె దాటితే తోటి ప్రయాణికులతో తగాదా తప్పదు కాబట్టి కింద మందపాటి ప్లాస్టిక్ సంచి తొడగండి. ఎండు నెత్తళ్లు, సావళ్లు, ఎండు రొయ్యలు అయితే ఈ బాధలేవీ లేవు. ఇసుక లేకుండా దులిపించి, రెండు కవర్లలో కట్టించి, బట్టలున్న పెట్టెలో మాత్రం పెట్టకండి.